ఆందోళన మందులు: మీ ఇంట్లో భయం తప్పు మాత్ర మీద పడింది

మీరు అడిగిన ప్రశ్నలో ఇద్దరు పేషెంట్లు ఉన్నారు. మొదటివారు మీరు. ఆరు నెలలుగా గాభరా, గుండె దడ, ఉన్నట్టుండి ప్రాణం పోతుందేమోనన్నంత భయం. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. సైకియాట్రిస్టు ఉదయం ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రి క్లోనజెపాం 0.5 మిల్లీగ్రాములు రాశారు. మొదలుపెట్టిన ఐదో రోజుకే వికారం, చేతుల్లో సన్నటి వణుకు, ముందుకన్నా ఎక్కువ కంగారు. ఇంట్లోవాళ్లేమో "ఇవి మెదడు మందులు, ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలవు, ఆ పొద్దుటి బిళ్ల ముందు ఆపెయ్" అంటున్నారు. రెండోవారు మీ అమ్మగారు. ఆవిడ సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు: అరవై రెండేళ్ల ఆవిడ ఎనిమిదేళ్లుగా రాత్రిపూట ఆల్ప్రజోలం 0.5 వేసుకుంటున్నారు, "అది మామూలు నిద్రమాత్రే కదా, ఆవిడకేమీ కాలేదు" అని.

సైకియాట్రీ ఓపీలో చాలాకాలంగా కూర్చుంటున్న డాక్టరుగా చెబుతున్నాను, మీ ఇంట్లో భయం తప్పు మాత్ర మీద పడింది. అందరూ ఆపమంటున్న పొద్దుటి మాత్ర మనిషిని బానిసను చేసే రకం కాదు. ఎవరూ ప్రశ్నించని రాత్రి మాత్రే జాగ్రత్తగా చూడాల్సింది. మీదీ, అమ్మగారిదీ కూడా. ఇలా తిరగబడిన భయం వల్ల జరిగే నష్టం నేను తరచుగా చూస్తుంటాను. కుదుర్చాల్సిన మందు మధ్యలో ఆగిపోతుంది, కొన్నాళ్లు వాడి ఆపాల్సిన మందు ఏళ్ల తరబడి సాగిపోతుంది. మిమ్మల్ని నేను పరీక్షించలేదు కాబట్టి మోతాదు మార్చే మాట ఏదైనా మీ డాక్టరు గారితోనే తేల్చుకోండి. ఏం అడగాలో తెలిసి వెళ్లడానికి ఇది రాస్తున్నాను.

ముందు ఆ రెండూ ఒంట్లో ఏం చేస్తాయో చూద్దాం. ఎస్సిటాలోప్రామ్ మెదడులో సెరటోనిన్ అనే రసాయనం నాడీకణాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ఆ పని మొదటి రోజు నుంచే జరుగుతుంది. కానీ భయం తగ్గేది దానివల్ల నేరుగా కాదు, ఆ మార్పుకు మెదడు మెల్లగా సర్దుకోవడం వల్ల. దానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే మొదలవుతాయి. అంటే ఈ మందు ముందు కష్టాన్ని చూపించి, తర్వాత ఫలితాన్ని ఇస్తుంది. ఈ సంగతి మందు రాసేటప్పుడే చెప్పకపోతే ఎవరైనా ఐదో రోజున ఆపేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

క్లోనజెపాం దారి వేరు. గాబా అనే రసాయనం మెదడు ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. ఈ మాత్ర దాని బలాన్ని పెంచుతుంది. గంటలోపే తెలుస్తుంది: దడ తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, నిద్ర వస్తుంది. అందుకే చాలామంది డాక్టర్లు మొదటి వారాలు గట్టెక్కడానికి రెండూ కలిపి రాస్తారు. అది సబబైన పద్ధతే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. పొద్దుటి మాత్ర పని మొదలుపెట్టాక రాత్రి మాత్రను తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. రాత్రి మాత్ర వెంటనే హాయినిస్తుంది కాబట్టి పేషెంటుకు అదే మంచి మందుగా కనిపిస్తుంది, వికారం పెట్టే పొద్దుటి మాత్ర చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఐదు రోజుల సంగతి. వికారం, తలనొప్పి, పలచటి విరేచనాలు, నోరు ఆరిపోవడం, ఆవలింతలు, చెమటలు, నిద్ర చెదిరిపోవడం, కాస్త వణుకు, ఇవన్నీ మొదటి ఒకటి రెండు వారాల్లో మామూలుగా వచ్చేవే. వికారానికి కారణం పేగుల్లో ఉంది. మన ఒంట్లో సెరటోనిన్ ఎక్కువ భాగం ఉండేది పేగుల్లోనే, తలలో కాదు. అందుకే మాత్రను ఖాళీ కడుపున కాకుండా ఇడ్లీయో ఉప్మాయో తిన్నాక వేసుకుంటే చాలామందికి వికారం కొంత తగ్గుతుంది. పగలు మగతగా ఉంటే రాత్రికి, రాత్రి నిద్ర పట్టకపోతే పొద్దున్నకి వేళ మార్చుకోవచ్చు. ఏ వేళైనా రోజూ అదే వేళకు పడాలి. ఈ పదిహేను రోజులు కాఫీ, టీ బాగా తగ్గించండి. పొద్దున్నే రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగి, దడ వస్తే మందును తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

కంగారు పెరగడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టింది అదే. ప్యానిక్, అంటే మీకు వచ్చినట్టు ఉన్నట్టుండి తీవ్ర భయం కమ్మేసే జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా ప్రమాద ఘంటికలా వినిపిస్తుంది. ఈ మందు మొదట్లో తెచ్చే చిన్న చురుకుదనాన్ని కూడా వాళ్ల మెదడు "మళ్లీ వస్తోంది" అని చదువుకుంటుంది. అందుకే ప్యానిక్ ఉన్నవాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి వెళ్లడం మంచి పద్ధతి. మీ డాక్టరు గారికి ఫోన్ చేసి "10 మాత్రను సగం చేసి కొన్నాళ్లు వాడనా?" అని అడగండి. అడగకుండా మానేయడం కన్నా ఈ ఒక్క ఫోన్ ఎంతో మేలు. చాలామంది డాక్టర్లు సరేనంటారు.

అయితే ఓర్చుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ఒక్కచోట కూర్చోలేనంత, నిలబడలేనంత లోపలి అశాంతి. చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా రావడం, ఉన్నవి పెరగడం. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలు ఆగకుండా, డబ్బు ఇష్టంవచ్చినట్టు ఖర్చుపెట్టేంత హుషారు రావడం. ఇది బైపోలార్, అంటే అతి హుషారూ కుంగుబాటూ మారి మారి వచ్చే జబ్బు, లోపల దాగి ఉందని చెప్పే సూచన కావచ్చు, అప్పుడు చికిత్సే మార్చాలి. స్పృహ తప్పడం. అధిక జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయి తికమకగా మాట్లాడడం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే డాక్టరును చూడాలి, రాత్రయితే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంట్లో ఇరవై అయిదేళ్లలోపు వాళ్లెవరైనా ఈ తరహా మందు మొదలుపెడితే మొదటి వారాల్లో వాళ్లను మరింత కనిపెట్టుకుని ఉండాలి. ఈ వయసులో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలకు, టీనేజర్లకు పెట్టి, 2007లో ఇరవై నాలుగేళ్ల వరకు పెంచింది. మందు ఇవ్వకూడదని దాని అర్థం కాదు, ఇచ్చి ఒంటరిగా వదలకూడదని.

రెండు మూడు వారాలు గడిచాక తలెత్తే ఇబ్బందులు వేరు, వాటి గురించి మన దగ్గర ఎవరూ నోరు విప్పరు. కోరిక తగ్గడం, మగవాళ్లలో వీర్యస్ఖలనం బాగా ఆలస్యం కావడం, ఆడవాళ్లలో తృప్తి కలగకపోవడం. ఈ మందుల్లో ఇవి అరుదేమీ కాదు. వికారంలాగా వాటంతట అవి పోతాయన్న నమ్మకం కూడా లేదు. కొత్తగా పెళ్లయిన అబ్బాయిలు దీనికే మందు చెప్పకుండా మానేసి, నెల తర్వాత గాభరాతో మళ్లీ వస్తారు. దయచేసి డాక్టరుకు చెప్పండి. ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే చీటీ మీద రాసి ఇవ్వండి. మోతాదు తగ్గించడం, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే వేరే మందుకు మారడం వంటి దారులున్నాయి. కొందరిలో మందు ఆపాక కూడా ఈ ఇబ్బంది కొంతకాలం నిలిచిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి మొదట్లోనే పట్టుకోవడం ముఖ్యం. మరో రకం ఫిర్యాదు: "భయం పోయింది డాక్టర్, కానీ ఏడుపూ రావడం లేదు, సంతోషమూ తెలియడం లేదు." ఇది మోతాదు కాస్త ఎక్కువైందని చెప్పే గుర్తు కావచ్చు, డాక్టరుకు చెప్పండి. ఓర్చుకోవాల్సిన పనిలేదు.

ఈ మందు వాడుతున్నంతకాలం మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అడిగేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్‌లు దీంతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ ఉన్న నొప్పి మందులు అసలు కలపకూడదు, సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. పారాసిటమాల్ ఫరవాలేదు. పెద్దవయసువాళ్లకు, ముఖ్యంగా బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడేవాళ్లకు, రక్తంలో సోడియం పడిపోవచ్చు. నీరసం, తికమక, తూలు కనపడితే ఆ పరీక్ష చేయించాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, గర్భం వచ్చినట్టు తెలిసినా భయపడి ఒక్కరోజులో ఆపేయకుండా డాక్టరుకు వెంటనే చెప్పండి.

ఇక అసలు భయం. ఎస్సిటాలోప్రామ్‌కు మనిషి అలవాటు పడిపోతాడా? వ్యసనం ఉన్నవాళ్లను చూసే ఉంటారు. వేళ కాకముందే అది కావాలనిపిస్తుంది, నిన్నటి మోతాదు ఇవాళ చాలదు, దాని కోసం అబద్ధాలాడతారు, అప్పులు చేస్తారు. ఎస్సిటాలోప్రామ్ వేసుకునేవాళ్లలో ఇవేవీ ఉండవు. వేసుకోగానే హాయి ఉండదు, కాబట్టి మనసు దాని కోసం వెతకదు. ఏడాదిగా వాడుతున్నవాళ్లను అడిగితే "ఇవాళ వేసుకున్నానో లేదో గుర్తులేదు" అంటారు. కల్లు గురించి గానీ సిగరెట్ గురించి గానీ ఎవరూ ఆ మాట అనరు.

కానీ దీన్ని ఒక్కసారిగా ఆపితే ఏమీ కాదని చెబితే అది నిజం కాదు. సర్దుకున్న మెదడు మళ్లీ సర్దుకోవాలి. హఠాత్తుగా ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు క్షణకాలపు జర్కులు, చిరాకు, జలుబు చేసినట్టు ఒళ్లు నొప్పులు, విపరీతమైన కలలు రావచ్చు. కొందరికి వారంలో పోతాయి, ఏళ్లుగా వాడినవాళ్లకు వారాలు పట్టవచ్చు. సెరటోనిన్ మీద పనిచేసే ఇదే గుంపు మందుల్లో పారోక్సెటిన్, దానికి దగ్గరి వెన్లాఫాక్సిన్ ఆపేటప్పుడు ఎక్కువ బాధపెడతాయి. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోయే ఫ్లూఆక్సెటిన్ అన్నిటికన్నా తక్కువ బాధపెడుతుంది. ఎస్సిటాలోప్రామ్ మధ్యలో ఉంటుంది.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆపిన మూడో రోజు కళ్లు తిరిగి గాభరా రాగానే "చూశావా, అలవాటైపోయింది" అని ఇంట్లోవాళ్లు, "నా జబ్బు పోలేదు" అని పేషెంటు అనుకుంటారు. రెండూ కాకపోవచ్చు. ఆపిన రోజుల్లోనే వచ్చి, ముందెప్పుడూ లేని కరెంటు జర్కుల వంటివి వెంటతెచ్చి, మాత్ర మళ్లీ వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే అది మందు ఆపడం వల్ల వచ్చినది. ఆపిన తర్వాత చాలా వారాలు బాగుండి, పాత భయాలు పాత తీరులోనే మెల్లగా తిరిగి వస్తే అది జబ్బు తిరగబెట్టడం. మొదటిదానికి మందు ఇంకా నెమ్మదిగా తగ్గించాలి, రెండోదానికి చికిత్స కొనసాగించాలి.

కాబట్టి ఆపే పద్ధతి ముందే తెలుసుకోండి. పూర్తిగా బాగున్నాక కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగించి, అప్పుడు 10 నుంచి 5కి, 5 నుంచి ఇంకా తక్కువకు వారాల పాటు, ఏళ్లుగా వాడినవారైతే నెలల పాటు దిగాలి. రోజు విడిచి రోజు వేసుకుని తగ్గించమని కొందరు సలహా ఇస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. ఎస్సిటాలోప్రామ్ సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. రోజు విడిచి రోజైతే రక్తంలో దాని స్థాయి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, తలలో జర్కులకు అదే కారణమవుతుంది. రోజూ వేసుకుంటూ మోతాదు తగ్గించడమే నయం. అయ్యప్ప మాల వేసుకున్నామనో, శ్రావణమాసం పూజలనో, రంజాన్ ఉపవాసాలనో మధ్యలో ఆపేసేవాళ్లూ ఉన్నారు. రోజుకొక్కసారి వేసుకునే మందు కాబట్టి వేళ మార్చి వాడుకోవచ్చు, ఉపవాసాలుంటే సహరీ తర్వాతో ఇఫ్తార్ తర్వాతో. దీక్షకు అది అడ్డు రాదు.

ఇప్పుడు రాత్రి మాత్ర సంగతి. క్లోనజెపాం, ఆల్ప్రజోలం, లోరాజెపాం, డయజెపాం అన్నీ బెంజోడయజెపైన్లు అనే ఒకే కుటుంబం. ఇందులో మొదటిదైన క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో, డయజెపాం 1963లో అమ్మకానికి వచ్చాయి. అంతకుముందున్న బార్బిట్యురేట్లు అనే పాత మత్తుమందుల కన్నా ప్రాణాపాయం తక్కువని డాక్టర్లు ధారాళంగా రాశారు. రోజూ వాడితే వారాల్లోనే మెదడు అలవాటుపడుతుందని, ఆపితే బాధ పెడుతుందని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ యాష్టన్ 1982 నుంచి 1994 వరకు ఈ మందులు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. ఇప్పటి మార్గదర్శకాలు వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి రోజూ వాడవద్దంటాయి. అలవాటు, దుర్వినియోగం, ఆపినప్పటి ప్రమాదాల గురించి ఎఫ్‌డీఏ 2020లో ఈ కుటుంబం మొత్తానికీ అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. తెలంగాణలో చెట్టుకల్లు చాలనిచోట ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్మే దందా ఏళ్లుగా ఉంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి నిజామాబాద్ వంటి చోట్ల సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, రోజూ తాగేవాళ్లు ఆసుపత్రులకు పోటెత్తారు. చేతులు వణకడం, పిచ్చిగా మాట్లాడడం, లేనివి కనపడడం, ఫిట్స్. కూలి పని చేసుకునే ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. తాము ఆల్ప్రజోలం మింగుతున్నామని వాళ్లలో చాలామందికి తెలియదు. ఈ మందుకు అలవాటుపడడానికి మనిషి బలహీనుడో చెడ్డవాడో కానక్కర్లేదు. రోజూ ఒంట్లోకి వెళితే చాలు.

తెలియకుండా వెళ్లే దారులు మందుల షాపులోనూ ఉన్నాయి. ఇంటికెళ్లి మీ మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. మన దేశంలో ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపాం రెండూ ఒకే మాత్రలో కలిపి అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. పేరు చివర "ప్లస్" వంటి మాట ఏదో ఉంటుంది. అది వాడేవాళ్లు ఒక మందును కొనసాగిస్తూ రెండోదాన్ని తగ్గించలేరు. ఆపితే రెండూ ఒకేసారి ఆగుతాయి, ఆ బాధంతా పాపం ఎస్సిటాలోప్రామ్ ఖాతాలో పడుతుంది. "ఈ మందులు ఆపితే నరకం" అని చెప్పే బంధువులు చాలామంది నిజానికి ఇలాంటి జంట మాత్రే వాడి ఉంటారు. అలాగే కడుపు ఉబ్బరానికి, పేగుల నొప్పికి ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ ఉంటుంది. "నేను గ్యాస్ బిళ్ల తప్ప ఏమీ వాడను" అనే పెద్దావిడ నిజానికి ఏళ్లుగా బెంజోడయజెపైన్ మీద ఉండవచ్చు. ఇటిజోలం అనే మందు కూడా ఇదే తీరుగా పనిచేస్తుంది, దానికీ ఇవే జాగ్రత్తలు.

మీ విషయంలో చేయాల్సింది చిన్నదే. తర్వాతి సారి వెళ్లినప్పుడు "క్లోనజెపాం ఏ తేదీ నుంచి తగ్గిస్తాం, ఎప్పటికి ఆపుతాం?" అని అడిగి, జవాబు చీటీ మీద రాయించుకోండి. మూడు నాలుగు వారాల్లో 0.5 నుంచి 0.25కి, ఆ తర్వాత సున్నాకు రావడం మీలాంటి కొత్త పేషెంటుకు పెద్ద కష్టం కాదు. ఆ రోజుల్లో ఒకటి రెండు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టకపోవచ్చు, దానికి జడిసి వెనక్కి వెళ్లకండి. వాడుతున్నంతకాలం మద్యం ఒక్క చుక్క కూడా వద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. పొద్దున మగతగా ఉంటే స్కూటీ తీయకండి. ఇంకో మాట, ఆ మాత్రను పర్సులో పెట్టుకుని తిరగకండి. గుండె దడ రాగానే మాత్ర వేసుకుంటే, ప్యానిక్ పది ఇరవై నిమిషాల్లో ఎలాగూ దిగిపోయేదే అయినా, "మాత్ర నన్ను కాపాడింది" అని మెదడు నేర్చుకుంటుంది. తర్వాత మాత్ర లేకుండా బస్సెక్కలేరు. భయం వచ్చి, ఎక్కి, మందు లేకుండానే దిగిందని మెదడు పదే పదే చూస్తేనే జబ్బు వేళ్లు కదులుతాయి. క్లినికల్ సైకాలజిస్టులు చేయించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అదే పని. మీ ఊళ్లో దొరికితే మందుతో పాటు తప్పకుండా మొదలుపెట్టండి. మందు ఆపాక నిలబెట్టేది ఎక్కువగా అదే.

ఇక అమ్మగారు. ఆవిడ మోతాదు పెంచుకోలేదు, ఎవరినీ మోసం చేయలేదు. ఆవిడకు వ్యసనం లేదు. కానీ ఎనిమిదేళ్లలో ఒళ్లు ఆ మాత్రకు పూర్తిగా అలవాటుపడి ఉంటుంది. "ఏమీ కాలేదు" అన్నారు కదా, కొన్ని అడిగి చూడండి. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే మెలకువ వచ్చి కంగారుగా ఉంటోందా? ఆల్ప్రజోలం సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 11 గంటలే పడుతుంది, పెద్దవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. అందువల్ల రోజూ తెల్లవారేసరికి, సాయంత్రానికి చిన్నపాటి లోటు రావచ్చు. ఆవిడ దాన్ని "నా నరాల బలహీనత" అనుకుంటూ ఉండవచ్చు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలుతున్నారా? అరవై దాటినవాళ్లలో ఈ మాత్రలతో పడిపోవడం, తుంటి ఎముక విరగడం పెరుగుతాయి. పేర్లు, పెట్టిన వస్తువులు మర్చిపోతున్నారా? వయసు వల్ల వచ్చిన మతిమరుపు అనుకున్నది మందు తగ్గించాక కొంత తేరుకోవడం ఉంది.

ఇవి చదివి ఈ రాత్రే ఆవిడ మాత్రలు దాచేయకండి. ఈ జవాబంతటిలో నేను గట్టిగా చెప్పే మాట ఇదే. ఎనిమిదేళ్ల ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో తీవ్రమైన వణుకు, నిద్రలేమి, మతిభ్రమణం, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. తీర్థయాత్రకు వెళ్లి స్ట్రిప్ మర్చిపోవడం, ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరి ఈ మాత్ర సంగతి చెప్పకపోవడం వల్లే ఇలా జరుగుతుంటుంది. ఆవిడ వాడే మందుల జాబితాలో దీని పేరు రాసి పర్సులో ఉంచండి.

మాన్పించే పని నెలల మీద నడుస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఉన్న మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించడం ఇప్పుడు సురక్షితమని భావించే మొదటి అడుగు. 0.5 మాత్రను అంత సన్నగా కొయ్యలేం. అందుకే డాక్టర్లు కొందరిని ఎక్కువసేపు ఒంట్లో ఉండే క్లోనజెపాంకో డయజెపాంకో మార్చి అక్కడి నుంచి తగ్గిస్తారు. 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలం సుమారుగా 10 మిల్లీగ్రాముల డయజెపాంతో సమానం. డయజెపాంలో 2 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, దాన్ని సగం చేస్తే ఒక్కో మిల్లీగ్రాము చొప్పున దిగవచ్చు. అయితే పెద్దవాళ్లలో డయజెపాం పేరుకుపోయి మగత పెంచుతుంది కాబట్టి ఆవిడకు ఏది తగునో పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి, ఈ లెక్క చూసి ఇంట్లో మార్చకండి. చివరి మెట్లు మొదటి మెట్లకన్నా కష్టం, అక్కడ ఇంకా నెమ్మదించాలి. మధ్యలో బాధ ఎక్కువైతే అదే మోతాదులో కొన్నాళ్లు ఆగొచ్చు. పైకి మాత్రం ఎక్కకుండా చూసుకోవాలి. ఆరు నెలలు పట్టినా ఏడాది పట్టినా తొందరలేదు. దాని బదులు జోల్పిడెం వంటి ఇంకో నిద్రమాత్ర పెట్టుకోవడం పరిష్కారం కాదు. మధ్యాహ్నం నిద్ర అరగంటకు తగ్గించడం, రాత్రి నిద్ర వచ్చాకే పడక మీదికి వెళ్లడం, రోజూ ఒకే వేళకు లేవడం మొదలుపెట్టించండి. వీటికి ఫలితం నెమ్మదిగానే వస్తుంది, కానీ నిలుస్తుంది.

ఆవిడ ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. "నేను మత్తుకు బానిసనా?" అని ఆవిడ నొచ్చుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఒకప్పుడు ఎవరో డాక్టరు రాసిచ్చారు, ఆవిడ చెప్పినట్టే వేసుకున్నారు. ఆ గౌరవంతోనే మాట్లాడండి. పాత చీటీతో, అదీ లేకుండా కూడా మందు ఇచ్చే షాపుకు వెళ్లడం మాత్రం మానండి. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద ప్రత్యేక నిఘా ఉండే జాబితాలోది. 2014 మార్చి 1 నుంచి దాన్ని డాక్టరు చీటీ మీదే ఇచ్చి, పేషెంటు పేరు, ఎంత మందు ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలన్నది నిబంధన. చీటీ లేకుండా ఇస్తున్నారంటే, ఆవిడను గమనించాల్సిన డాక్టరు మధ్యలో లేనట్టే.

మందు ఆపమనేవాళ్లలో మీ వారు కూడా ఉన్నారని రాశారు. ఆయన్ని ఈసారి మీతో పాటు ఓపీకి తీసుకెళ్లండి. ఆయన ఆపమనేది మీ మీద ప్రేమతోనే. ఏ మాత్ర ఎన్నాళ్లో డాక్టరు నోటి నుంచి వింటే ఆ ప్రేమే మీకు ఆసరా అవుతుంది. వెళ్లేలోపు ఏదైనా భయపెడితే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వస్తే మాత్రం ఫోన్‌తో ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి, 108 పిలిచి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు కాగితాలు పట్టుకెళ్లండి. ఒకదాని మీద మీ వికారం, నిద్ర, గాభరా రోజువారీగా ఎలా ఉన్నాయో, మాత్ర ఏ వేళకు వేసుకున్నారో రాయండి. తగ్గుతోందా పెరుగుతోందా అన్నది జ్ఞాపకం కన్నా కాగితం సరిగ్గా చెబుతుంది. రెండోదాని మీద అమ్మగారు వాడే బీపీ, షుగర్, గ్యాస్, మోకాళ్ల నొప్పి మాత్రలన్నిటి పేర్లూ స్ట్రిప్ వెనక ఉన్న మందుల పేర్లతో సహా రాసి, ఆవిడ కోసం వేరే అపాయింట్‌మెంట్ అదే రోజు అడిగి తీసుకోండి.